శుక్రవారం దసరా

ఎల్లారెడ్డిలో 'ఖతం చేసుకొని వచ్చిండు' అంటే ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు. వీసా రద్దు చేయించుకొని, అట్టపెట్టెకు తాడు కట్టుకొని, ఇక మళ్ళీ విమానం ఎక్కేది లేదని వచ్చేశాడని అర్థం. రాజలింగు పద్దెనిమిదేళ్ళు మస్కట్‌లో పైపులు బిగించి, మొన్న ఏప్రిల్లో అట్లాగే ఖతం చేసుకొని వచ్చాడు. వచ్చిన పదిహేను రోజులకే పాత స్పానర్ల సంచీ బండికి తగిలించుకొని ఎల్లారెడ్డి వీధుల్లో ప్లంబర్ పనులు పట్టడం మొదలుపెట్టాడు. ఖాళీగా కూర్చుంటే చేతులు గుంజే రకం ఆయనది.

మనిషి మంచివాడు. పనిలో వంక పెట్టలేం. మొండితనం మాత్రం తండ్రి నుంచి వచ్చిన ఆస్తి. పంచుకోవడానికి అన్నదమ్ములు లేరు కాబట్టి మొత్తం ఆయనకే దక్కింది. ఆ మొండితనంతోనే వస్తూ వస్తూ ఒక సంగతి మనసులో గట్టిగా పెట్టుకొని వచ్చాడు. ఈ ఏడు దసరా, దసరా నాడే చేయాలి.

ఇదేం కోరిక, దసరా దసరా నాడు కాక మరెప్పుడు చేస్తారు అనొద్దు. ఆ ఇంట్లో పద్దెనిమిదేళ్ళుగా దసరా శుక్రవారం నాడే జరుగుతోంది.

దానికి కారణం రాజలింగు తల్లి భూదవ్వ. కొడుకు మస్కట్ వెళ్ళిన మొదటి ఏడు దసరా ఆదివారం పడింది. ఆదివారం అక్కడ పని రోజు. నాలుగో అంతస్తులో పైపు పట్టుకొని నిలబడ్డ మనిషికి పండుగేంది, పబ్బమేంది? ఆ రాత్రి అన్నం సహించలేదని తర్వాతెప్పుడో భార్యకు చెప్పుకున్నాడు. శుక్రవారం సెలవు దొరికాక కార్డు కొనుక్కొని ఫోన్ చేసి, "దసరా ఎట్లయింది అవ్వా" అని అడిగాడు. భూదవ్వ తడుముకోకుండా, "ఇంకా చెయ్యలే బిడ్డా. నీ సెలవు ఇయ్యాలనే గదా. మనకు ఇయ్యాలనే దసరా" అంది. ఊరంతా పండుగ చేసుకొని ఐదు రోజులైంది. జమ్మి ఆకును బియ్యం డబ్బాలో దాచిపెట్టి, ఇంట్లో అందరికీ కొత్తబట్టలు ఆపి, కూర కూడా వండకుండా కూర్చుందట ముసలిది.

జమ్మి ఆకును మనం బంగారం అంటాం కదా. దసరా సాయంత్రం చిన్నవాళ్ళు పెద్దవాళ్ళ చేతిలో ఆ ఆకు పెట్టి కాళ్ళకు మొక్కుతారు. ఆ మొదటి ఏడు ఏడాదిన్నర పిల్ల రాజశ్రీ చేతికి నాలుగు ఆకులిచ్చి, భూదవ్వ ఆ చేతిని ఫోన్ దగ్గరికి పట్టుకుపోయి, "ఇగో, నీ బిడ్డ బంగారమిస్తుంది, తీస్కో" అంది. రాజలింగు మస్కట్‌లో, ఎండలో, ఒక చెయ్యి చాపి నిలబడ్డాడు. చుట్టూ ఉన్న మలయాళీలు ఈయనకేమైందని చూశారు.

అదిగో, అప్పటి నుంచి అదే పద్ధతి. దసరా ఏ వారం పడ్డా వాళ్ళింట్లో పండుగ ఆ తర్వాతి శుక్రవారం. ఒకటి రెండుసార్లు దసరా నిజంగానే శుక్రవారం పడి, ఊరూ వీళ్ళూ ఒకటయ్యారు గానీ, లేకపోతే వీళ్ళ లెక్క వేరు. ఫోన్ కార్డులు పోయి ఐమోలో మనిషి కనబడే కాలం వచ్చాక పండుగకు ఒక రూపం కూడా వచ్చింది. ముందు గదిలో చెక్క స్టూలు వేసి, దానిమీద ఇత్తడి చెంబు పెట్టి, చెంబుకు ఫోన్ ఆనించేవాళ్ళు. అది రాజలింగు కూర్చునే చోటు. రాజశ్రీ దాని ముందు కూర్చొని బంగారం చూపించి, స్టూలు కాళ్ళకు మొక్కేది. రాజలింగు భార్య దేవవ్వ బీడీలు చుట్టే చాట పక్కకు పెట్టి ఆ ఒక్కపూట గాజుల చేతులతో ఖాళీగా కూర్చునేది. ఊళ్ళో వాళ్ళకు 'శుక్రారపోళ్ళు' అని పేరు పడింది. పడితే పడనీ అంది భూదవ్వ. ఆరేళ్ళ కిందట ఆమె పోయినా పద్ధతి పోలేదు. పైగా వెనకింటి గంగమణి భర్త మహేందర్ దోహా పోయాక ఆమె కూడా తన ఫోన్ పట్టుకొని శుక్రవారం ఈ ఇంటికే రావడం మొదలుపెట్టింది. ఆ తర్వాత ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు కలిశారు. స్టూలు ఒకటే, చెంబు ఒకటే. వంతులవారీగా ఒక్కో ఇంటాయన వచ్చి కూర్చొని పోతాడు.

ఇదంతా రాజలింగుకు అప్పట్లో ముద్దుగానే ఉండేది. ఖతం చేసుకొని వచ్చాక మాత్రం నామోషీ అనిపించింది. ఇంట్లో మనిషి ఉండగా ఇంకా ఈ శుక్రవారం ఏంది?

నిజం చెప్పాలంటే ఆయన బాధ శుక్రవారం గురించి కాదు. బిడ్డ గురించి. కంపెనీ ఎప్పుడూ ఎండలు ముదిరినప్పుడే సెలవిచ్చేది. పద్దెనిమిదేళ్ళలో ఏడుసార్లు వచ్చాడు, ఏడుసార్లూ మామిడికాయల కాలమే. బిడ్డను ఎండాకాలంలో తప్ప ఏ కాలంలోనూ చూసింది లేదు. అయినా ఫోన్లో ఆ పిల్ల గలగలా మాట్లాడేది. టీచర్ కొట్టిన దెబ్బ, బర్రె ఈనిన సంగతి, గంగమణి బిడ్డతో తను పెట్టుకున్న కయ్యం, అన్నీ చెప్పేది. "తిన్నవా బాపూ? ఎండ గొడ్తుందా ఆడ?" అనే రెండు ప్రశ్నలతో మొదలుపెడితే గంటకు గానీ వదిలేది కాదు. అదే పిల్ల, ఇప్పుడు పంతొమ్మిదేళ్ళది, కామారెడ్డిలో హాస్టల్లో ఉండి డిగ్రీ రెండో ఏడు చదువుతున్నది, ఆయన ఎదురుగా కూర్చుంటే నాలుగు మాటలు దాటదు. "ఆఁ బాపూ." "మంచిగుంది బాపూ." "నీ ఇష్టం బాపూ." అంతే. మూడు నాలుగు నెలలు చూశాడు. వచ్చిన చుట్టం దగ్గర ఒద్దికగా ఉన్నట్టు ఉంటుంది గానీ తండ్రి దగ్గర ఉన్నట్టు ఉండదు.

అందులో ఆయన తప్పూ ఉంది. జూన్‌లో ఒకరోజు ఆయన ముందు గదిలో కూర్చొని ఉండగా ఫోన్ మోగింది. చూస్తే బిడ్డ. లోపలి గదిలోంచే చేస్తోంది. "బాపూ, రేపు పొద్దుగాల నన్ను బస్టాండ్ల దింపుతవా?" అని నవ్వుతూ అడిగింది. మాట తేలిగ్గా, పాత ఫోన్ మాటలాగే వచ్చింది. ఈయన ఏం చేయాలి? దింపుత బిడ్డా అనాలి. అనలేదు. "ఒక్క ఇంట్ల ఉండి ఫోనేంది? లేచొచ్చి మాట్లాడరాదా? గిట్లనా పెంచింది మీ అమ్మ నిన్ను?" అన్నాడు. పిల్ల లేచి వచ్చింది. అడగాల్సింది అడిగింది. ఆ తర్వాత హాస్టల్ నుంచి కూడా తల్లికే ఫోన్ చేస్తోంది, ఆయనకు చేయడం మానేసింది.

దసరాతో అది చక్కబడుతుందని ఆయన నమ్మకం. తన తండ్రి చేసినట్టు చేయాలి. సున్నం, తోరణాలు, పనిముట్లకు పూజ, ఆ రోజే తెచ్చిన మాంసం, సాయంత్రం జమ్మి దగ్గరికి పోవడం, ఇంటికొచ్చాక బిడ్డ చేత్తో బంగారం తీసుకోవడం. చేతిలో ఆకు పెట్టి కాళ్ళకు మొక్కిన బిడ్డ తండ్రితో మాట్లాడకుండా ఎట్లుంటది అనుకున్నాడు.

కాబట్టి సెప్టెంబర్‌లో ఆయన ముందు చేసిన పని గంగమణి ఇంటికి వెళ్ళి, "చూడమ్మా, ఏమనుకోకు. ఈ ఏడుసంది మా ఇంట్ల శుక్రారం లేదు" అని చెప్పడం. గంగమణి బర్రెకు కుడితి పెడుతోంది. "సరే తియ్ అన్నా" అంది. ఆమె ముఖం చూసి ఉంటే ఆయన మాట కొంచెం మెత్తగా చెప్పేవాడేమో. చూడలేదు.

రెండో పని ఇల్లు దులపడం. అటక మీద ఉన్నవన్నీ కిందికి దింపాడు. పాత గంపలు, విరిగిన తరాజు, ఆయనే ఎప్పుడో మస్కట్ నుంచి తెచ్చిన నీడో పాలపొడి డబ్బా. డబ్బా మూత తీస్తే లోపల చిన్న చిన్న పొట్లాలు. కొన్నిటికి పైన పాలకవరు చుట్టి ఉంది. ఒకటి విప్పితే గోధుమరంగు పొడి, నాలుగు జొన్న గింజలు, వాటిలోంచి నడుచుకుంటూ వచ్చిన పురుగు. భూదవ్వకు బీర విత్తులు, సొర విత్తులు ఇట్లా పొట్లాలు కట్టి దాచే అలవాటు ఉండేది. ముసలిది పోయి ఆరేళ్ళైనా ఈ విత్తులు ఎవరూ పారేయలేదు, దేవవ్వకు ఇల్లు పట్టదు అని విసుక్కొని, డబ్బా తీసుకుపోయి ఇంటి వెనక గంగమణి వాళ్ళ పెంటకుప్ప మీద బోర్లించాడు. డబ్బా మంచి గట్టి డబ్బా. కడిగి, ఆరబెట్టి, నట్లూ వాషర్లూ టేపు చుట్టలూ వేసుకొని మళ్ళీ అటక మీద పెట్టాడు. దేవవ్వ అప్పుడు బీడీ కార్ఖానాకు పోయి ఉంది.

సెలవులివ్వగానే బిడ్డను తీసుకురావడానికి తనే బండి మీద కామారెడ్డి వెళ్ళాడు. బట్టల దుకాణంలోకి తీసుకుపోయి, "నీకేది గావాల్నో తీస్కో బిడ్డా" అన్నాడు. ఫోన్లోనైతే ఈ పిల్ల అంచు రంగు, చేతుల పొడుగు, పక్కింటి పిల్ల వేసుకున్న దానికంటే ఇది ఎట్లా వేరుగా ఉండాలో అన్నీ చెప్పి గానీ ఊరుకునేది కాదు. ఇప్పుడు, "నీ ఇష్టం బాపూ" అంది. ఆయన ఇష్టమేంది, పాపం, పైపుల సైజులు తప్ప ఏం తెలుసు? గులాబీరంగు డ్రెస్సొకటి, అన్నిటికంటే ధర ఎక్కువని, తీశాడు. "మంచిగుంది" అంది పిల్ల. దారిలో లింగంపేట దాటాక, "ఆగస్టు వానలకు పోచారం చెరువు అలుగు ఇంకా దుంకుతుందట, పోయి చూద్దమా" అని అడిగాడు. "అమ్మ ఎదురు చూస్తది బాపూ" అంది. బండి నేరుగా ఇంటికే వచ్చింది.

ఇంటికొచ్చిన రాత్రి అన్నాలు తింటుంటే, "ఈసారి దసరా బేస్తారం పడ్డది. బేస్తారమే చేస్తున్నం" అని ప్రకటించాడు. రాజశ్రీ తల్లి వైపు చూసి, "మరి మన శుక్రారం?" అంది. "మనిషి ఇంట్ల ఉన్నంక శుక్రారమెందుకు" అన్నాడు. పిల్ల కంచంలోకి తల దించుకుంది. దేవవ్వ మాత్రం చారు వడ్డిస్తూ, "బేస్తారం గాంధీ జయంతి గూడ. మాంసం దుకాణాలు బందుంటయి. కూర ముందునాడే తెచ్చుకోవాలె" అంది. ఆయన వింటేనా. మస్కట్‌లో గాంధీ జయంతి లేదు కాబట్టి ఆయన లెక్కలోనూ లేదు. "దసరా నాడు తెచ్చిందే దసరా కూర. మా బాపు ఎన్నడన్న ముందునాడు తెచ్చిండా" అన్నాడు.

బేస్తవారం పొద్దున ఆరు గంటలకే సంచీ పట్టుకొని బయల్దేరాడు. ఎల్లారెడ్డిలో ఒక్క షట్టరు లేవలేదు. రాజంపేట దాకా పోయి వచ్చాడని కొందరంటారు, ఆయన ఒప్పుకోడు. మొత్తానికి తొమ్మిది గంటలకు కోడిగుడ్ల అట్టతో ఇంటికి వచ్చాడు. దేవవ్వ ఒక్క మాటన్నా అంటే బాగుండు. అనలేదు. బగారన్నం, గుడ్ల కూర వండింది. ఊరంతా ముందునాడే తెచ్చుకున్న మాంసం ఉడుకుతున్న వాసన మధ్య ముగ్గురూ గుడ్లు తిన్నారు.

సాయంత్రం జమ్మి దగ్గర పెద్దమనిషి లస్మయ్య ఎదురుపడి, "ఏంది రాజలింగూ, శుక్రారపోనివి, గీ సారి ఒకరోజు ముందే వస్తివి?" అని నవ్వాడు. నవ్వితే నవ్వాడులే అనుకున్నా, అలాయ్ బలాయ్ తీసుకునేటప్పుడు ఆయనకు అసలు ఇబ్బంది తెలిసింది. ఎదురొచ్చిన వాళ్ళలో సగం మంది పేర్లు తెలియవు. కాళ్ళకు మొక్కిన పడుచువాళ్ళు ఎవరి పిల్లలో తెలియదు. అందరినీ "సల్లగుండు బిడ్డా" అని దాటేసి, గుప్పెడు ఆకు, రెండు జొన్న కంకులు పట్టుకొని ఇంటికి వచ్చాడు.

ఇంట్లో తండ్రి కూర్చునే చోట, తూర్పు ముఖంగా, కుర్చీ వేసుకొని కూర్చున్నాడు. రాజశ్రీ గులాబీరంగు డ్రెస్సు వేసుకొని వచ్చింది. ఆకు చేతిలో పెట్టింది, కాళ్ళకు మొక్కింది. "సల్లగుండు బిడ్డా" అన్నాడు. పిల్ల నిలబడింది. ఆయన కూర్చున్నాడు. ఇంకేదో జరగాలి, ఏం జరగాలో ఇద్దరికీ తెలియదు. పద్దెనిమిదేళ్ళు ఆ పిల్ల బంగారం ఇచ్చాక ఆయన ఫోన్లో, "అందింది, అందింది, అబ్బ ఎంత బరువున్నదో" అని చెయ్యి కిందికి జారినట్టు నటించేవాడు. పిల్ల పకపకా నవ్వేది. ఇప్పుడు నిజంగా చేతిలో ఆకు ఉంటే ఆ మాట నోటికి రాలేదు. గుర్తొచ్చింది గానీ సిగ్గేసింది.

"బాపూ, జర ఆగు" అని రాజశ్రీ నిచ్చెన వేసుకొని అటక ఎక్కింది. ముఖంలో ఏదో వెలుగు ఉంది. నీడో డబ్బా చంకలో పెట్టుకొని దిగి, ఆయన ముందు కూర్చొని మూత తీసింది. తీసి చాలాసేపు లోపలికే చూసింది.

"ఈ డబ్బల పొట్లాలుండాలె" అంది.

"గవా? పాడైన విత్తులు బిడ్డా. పురుగు వట్టినయి. పెంటల పోసిన" అన్నాడు.

పిల్ల మూత మళ్ళీ పెట్టింది, గట్టిగా, తిప్పి. డబ్బా నేల మీద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. తలుపు కూడా వేయలేదు. వేసి ఉంటే కోపమనుకునేవాడు.

దేవవ్వ నెమ్మదిగా చెప్పింది. "అవి విత్తులు గావయ్యా. నీ బంగారం. నువ్వు పోయిన ఏటి సంది ఏ ఏటికాయేడు పోరి నీకిచ్చిన ఆకు అవ్వ అండ్ల దాసింది. పోరికి రాయొచ్చినంక ఆమెనే పొట్లం గట్టి పేరు రాసేది. మీ బాపు ఖతం చేసుకొని వచ్చినేడు చేతికియ్యాలె అని అవ్వ పోయేముందు పోరికి చెప్పి పోయింది. నన్ను గూడ చెప్పొద్దన్నది పోరి, నువ్వు ముందే అడుగుతవని."

"నాకెవడు చెప్పిండు" అని గొణిగాడు రాజలింగు. అది కూడా కోపంతో కాదు, ఏదో ఒకటి అనాలి కాబట్టి. పద్దెనిమిదేళ్ళు అందని దాన్ని చేతికి అందే పదిహేను రోజుల ముందు తన చేత్తోనే పారేసుకున్నాడు. కుర్చీలోంచి లేవబుద్ధి కాలేదు.

తెల్లవారి శుక్రవారం. గంగమణి చెంబు పట్టుకొని పాలు పిండడానికి వచ్చేసరికి రాజలింగు లుంగీ ఎగగట్టి ఆమె పెంటకుప్పలో మోకాళ్ళ దాకా దిగి ఉన్నాడు.

"ఏం దేవులాడుతున్నవన్నా? ఉంగరం వడ్డదా?"

"లేదు. బిడ్డ ఇచ్చిన బంగారం" అని జరిగింది చెప్పాడు. దాచలేదు, తన తప్పు తగ్గించి చెప్పలేదు. గంగమణి చెంబు గోడ మీద పెట్టింది. "మొన్న ఐతారమే సగం పెంట పొలానికి తోలిచ్చిన గదా" అని నొచ్చుకుంది. ఆ మాటకు ఆయన ముఖం చూసి, పార తెచ్చి తనూ దిగింది. గంటసేపు ఇద్దరూ తవ్వారు. విడిగా ఉన్న కాగితాలన్నీ పేడలో కలిసిపోయాయి. పాలకవరు చుట్టినవి మూడు మాత్రం దొరికాయి.

గట్టు మీద కూర్చొని, చేతులు లుంగీకి తుడుచుకొని, మొదటి పొట్లం విప్పాడు. ఈసారి చదివాడు. లోపలి మడతలో, నోటుబుక్కు అట్ట మీద రాసినట్టు, ఒంకర టింకర అక్షరాలతో ఇట్లా ఉంది.

పేరు: బాపు. తరగతి: రెండు, నాది. ఊరు: మస్కట్.

రెండోదానిలో అక్షరాలు కొంచెం కుదురుకున్నాయి. మూడోది ఇంటర్లో రాసింది, గుండ్రటి చేతిరాత. అన్నిటిలోనూ అవే మూడు వరసలు. తరగతి మారింది. ఊరు మారలేదు. రాజలింగు వాటిని చొక్కా జేబులో పెట్టుకున్నాడు. కళ్ళు తుడుచుకోవడానికి చేతులు పనికిరాక భుజానికి తుడుచుకున్నాడు. గంగమణి బర్రె వైపు తిరిగి నిలబడింది.

"అమ్మా, ఇయ్యాల పొద్దుమీకి ఫోన్ వట్టుకొని రా. వాళ్ళిద్దరికి గూడ చెప్పు" అన్నాడు వెళ్తూ.

"శుక్రారం లేదంటివి గదన్నా."

"అన్న. తప్పయింది."

ఆ రోజు దుకాణాలు తెరిచారు. మాంసం తెచ్చాడు. దేవవ్వ దాన్ని చూసి మొదటిసారి కొంచెం నవ్వింది. మధ్యాహ్నం ముందు గదిలో స్టూలు వేసింది, దానిమీద చెంబు పెట్టింది. రాజశ్రీ పొద్దుటి నుంచి పని చేస్తూనే ఉంది, తండ్రి ఉన్న గదిలో మాత్రం లేదు. అడిగినదానికి "ఆఁ" అంటోంది.

నాలుగు గంటలకు ఆడవాళ్ళు వచ్చారు. గంగమణి ఫోన్ చెంబుకు ఆనించింది. దోహా నుంచి మహేందర్, తల దువ్వుకొని, తెల్లచొక్కా వేసుకొని ప్రత్యక్షమయ్యాడు. "ఏం రాజలింగన్నా, నీ సీటు నాకిచ్చినవా?" అన్నాడు. అందరూ నవ్వారు. రాజలింగు గదిలో చుట్టూ చూశాడు. స్టూలు మీద చోటు లేదు. స్టూలు ముందు చోటు పిల్లలది. గోడ పక్కన కుర్చీ ఉంది, అది నిన్న కూర్చున్నది. దానిమీద కూర్చోబుద్ధి కాలేదు. మెల్లగా బయటికి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

లోపల మహేందర్ వంతు అయిపోయింది. మిగిలిన ఇద్దరి వంతులూ అయిపోయాయి. రాజలింగు ఫోన్ తీశాడు. ఏప్రిల్ నుంచి తెరవని ఐమో తెరిచి, బిడ్డ పేరు మీద వేలు పెట్టాడు.

లోపల ఆ ట్యూను మోగడం బయటికి వినిపించింది. మాటలన్నీ ఆగిపోయాయి. ఒక్క ట్యూనే మోగుతోంది. ఆగిపోతుందనుకున్నాడు. జూన్‌లో తను అన్న మాట తిరిగి తన చెవుల్లోనే వినబడింది. ఒక్క ఇంట్ల ఉండి ఫోనేంది?

తెరమీద మొదట ఇంటి కప్పు కనబడింది, తర్వాత ఫ్యాను, తర్వాత బిడ్డ గడ్డం, తర్వాత ముఖం. ఎప్పుడూ అదే వరస.

"తిన్నవా బాపూ?" అంది. అలవాటుగా వచ్చేసిన మాట. అన్నాక ఆగిపోయింది.

"తినలే బిడ్డా. నువ్వు?"

"ఇంకా లే." కొంచెం ఆగి, "ఎక్కడున్నవ్?" అంది.

"అరుగు మీద."

"ఎండ గొడ్తుందా ఆడ?"

"ఈడ నీడనే ఉంది." చొక్కా జేబు మీద చెయ్యి పెట్టుకున్నాడు. "బిడ్డా, విత్తులనుకున్న. పురుగు గనవడ్డది. విప్పి సదవకపోతిని."

"సదవాల్సింది."

"సదవాల్సింది" అని ఒప్పుకున్నాడు. జేబులోంచి పొట్లాలు తీసి ఒక్కొక్కటే ఫోన్‌కు చూపించాడు. "మొత్తంల మూడే దొరికినయి. తక్కినయి గంగమణి పొలంల ఉన్నయి. ఈ ఏడు ఆమె వరి ఎట్ల పండుతదో చూడు."

పిల్ల పెదవి బిగబట్టింది. నవ్వు ఆపుకోవడమో ఏడుపు ఆపుకోవడమో, రెండూనేమో. "గది రెండో తరగతిది. రాత సక్కగ లేదు" అంది.

"మంచిగనే ఉన్నది. సమజైంది నాకు."

"మరి ఈ ఏటిది ఇయ్యనా?"

"నిన్న ఇచ్చినవ్ గదా."

"నిన్నటిది దసరాది. మనది ఇయ్యాల గదా" అంది రాజశ్రీ. ఫోన్ చెంబుకు ఆనించినట్టుంది, తెర నిలకడగా నిలబడింది. పాత చోటే, స్టూలు మీద. అరుగు మీద కూర్చున్న రాజలింగుకు తన ఇంటి ముందు గది, పద్దెనిమిదేళ్ళు కనబడినట్టే కనబడింది. పిల్ల నోటుబుక్కులోంచి కాగితం చింపి మోకాలి మీద పెట్టుకొని రాస్తోంది. "పేరు, బాపు. తరగతి ఏం రాయాలె?"

"ప్లంబర్ అని రాయి."

"ఊరు?"

ఆయన చేతిలోని మూడు పొట్లాల వైపు చూశాడు. లోపల దేవవ్వ ముక్కు ఎగబీల్చడం ఫోన్లోనూ వినిపించింది, కిటికీలోంచీ వినిపించింది.

"బాపూ, ఊరేం రాయాలె?"

"ఎల్లారెడ్డి" అన్నాడు. "ఎల్లారెడ్డి రాయి బిడ్డా."

రాసింది. ఆకులూ కంకి గింజలూ వేసి మడిచింది. తెర ఒక్కసారి ఊగిపోయి కప్పు, గోడ, గడప, మళ్ళీ గోడ కనబడ్డాయి. ఫోన్ చేతిలో పట్టుకొని, "చెయ్యి చాపు, చెయ్యి చాపు" అని అందులోనే మాట్లాడుకుంటూ నడిచొస్తోంది. ఆయన చెయ్యి చాపాడు. పొట్లం చేతిలో పడింది. "అబ్బ, ఎంత బరువున్నదో" అని చెయ్యి కిందికి జార్చాడు. రెండు ఫోన్లూ దగ్గరపడి కుయ్యిమని అరిచాయి.

"ఇగ కట్ చెయ్యి బాపూ" అంది రాజశ్రీ నవ్వుతూ.

పద్దెనిమిదేళ్ళు ఆ మాట వింటే ఆయన గుండె జారేది. రాజలింగు కట్ చేశాడు. తెర నల్లబడింది. బిడ్డ అక్కడే ఉంది.